ఇల్లు చూడకుండా రాసిన జవాబు

ప్రభుత్వ అద్దె ఇంటి కోసం మేము పెట్టుకున్న దరఖాస్తుకు జవాబుగా 2022 ఫిబ్రవరిలో మా కౌన్సిల్ (ఇక్కడి స్థానిక ప్రభుత్వం) గృహ విభాగం నుంచి వచ్చిన ఉత్తరంలో అసలు విషయం మూడు వాక్యాల్లో ముగిసింది. మా అమ్మాయి ఆరోగ్య పరిస్థితిని పరిశీలించామనీ, ప్రస్తుతం ఉంటున్న ఇల్లు ఆమె ఆరోగ్యాన్ని గణనీయంగా దెబ్బతీస్తున్నట్టు తమకు కనిపించలేదనీ, సహాయంతో ఆమె మెట్లు ఎక్కి దిగగలదు కనుక వైద్య ప్రాధాన్యం ఇవ్వలేమనీ రాశారు. ఆ మూడో వాక్యంలోని ‘సహాయంతో’ అన్న మాటను నాలుగేళ్ళుగా మోస్తున్నాను. దాని గురించే ఇవాళ రాస్తున్నాను.

మేము తూర్పు లండన్‌లో ఒక అద్దె ఫ్లాటులో, రెండో అంతస్తులో ఉంటున్నాము. లిఫ్టు లేదు. వీధి తలుపు నుంచి మా గుమ్మం దాకా 34 మెట్లు, మధ్యలో ఒక మలుపు. అమ్మాయికి పుట్టుకతోనే సెరిబ్రల్ పాల్సీ. రెండు కాళ్ళ కండరాలూ బిగుసుకుని ఉంటాయి, ఊతం లేకుండా నిలబడలేదు. బడి నుంచి వచ్చాక వీల్‌చైర్‌ను కింద కరెంటు మీటర్ల పక్కన నిలిపి, ఆమెను ఎడమ చంకన ఎత్తుకుంటాను, ఎందుకంటే పట్టుకోవలసిన కమ్మీ కుడివైపున ఉంది. మలుపు దగ్గర భుజం గోడకు ఆనించి ఊపిరి తీసుకుంటాను. అక్కడ నా భుజం ఎత్తున గోడ రంగు ఒక పళ్ళెమంత మేర అరిగిపోయింది. ఉలిక్కిపడినా, గట్టిగా నవ్వినా ఆమె కాళ్ళు కర్రల్లా బిగుసుకుని మోకాళ్ళు కమ్మీకి కొట్టుకుంటాయి. అందుకని మెట్ల మీద ఉన్నంతసేపూ నేను ఆమెను నవ్వించే మాట ఏదీ మాట్లాడను. మావారు బస్సు డ్రైవరు. ఆయన ఇంట్లో ఉన్న పూట ఆయన ఎత్తుకుంటారు, లేని పూట నేను. కౌన్సిల్ ఉత్తరంలో చెప్పిన సహాయం ఇదే. ఆ ఉత్తరం వచ్చిన నాటికి ఆమెకు ఆరేళ్ళు, 18 కిలోల బరువు. ఇప్పుడు పదేళ్ళు, 27 కిలోలు.

ఈ దేశంలో కౌన్సిల్ ఇళ్ళ కేటాయింపు ఎలా జరుగుతుందో తెలియని వారి కోసం కొంత చెప్పాలి. ఇంగ్లండ్‌లో దీనికి ఆధారం 1996 నాటి గృహ చట్టంలోని ఆరో భాగం. దాని 166ఏ సెక్షన్ ప్రకారం ప్రతి కౌన్సిల్ ఒక కేటాయింపు విధానాన్ని రాసుకోవాలి, అందులో కొన్ని వర్గాల వారికి తగిన ప్రాధాన్యం తప్పనిసరిగా ఇవ్వాలి. నిలువ నీడ లేనివారు, ఇరుకైన లేదా అనారోగ్యకరమైన ఇళ్ళలో ఉన్నవారు ఆ వర్గాల్లో ఉన్నట్టే, వైకల్యంతో సహా వైద్య, సంక్షేమ కారణాల వల్ల ఇల్లు మారవలసినవారు కూడా ఉన్నారు. అయితే ఎవరికి ఎంత ప్రాధాన్యమో చట్టం చెప్పదు. అది కౌన్సిల్ ఇష్టం. 2011 నాటి స్థానికతా చట్టం తరువాత జాబితాలో ఎవరిని చేర్చుకోవాలన్నది కూడా చాలావరకు కౌన్సిల్ చేతికే వెళ్ళింది కాబట్టి, ఆ ప్రాంతంలో ఇన్నేళ్ళు ఉండాలనీ ఆదాయం ఇంత మించకూడదనీ ఒక్కో చోట ఒక్కో షరతు ఉంటుంది. చేరాక ఏ, బీ, సీ, డీ అంటూ ఏదో ఒక బ్యాండులో వేస్తారు. ఖాళీ అయిన ఇళ్ళ వివరాలు ఇంటర్నెట్‌లో పెడతారు, మనకు సరిపోయేదాని మీద ‘బిడ్’ చేయాలి. ఆ మాట విని వేలంపాట అనుకుంటారు కానీ అందులో డబ్బు ప్రసక్తి లేదు. ఈ ఇల్లు మాకు కావాలని చేయి ఎత్తడం మాత్రమే. ఎత్తిన చేతుల్లో ఎవరి బ్యాండు పైది, ఆ బ్యాండులో ఎవరు ముందు నుంచి ఉన్నారు అని చూసి ఇస్తారు.

మా అత్తగారు ఒంగోలు నుంచి ఫోన్ చేసినప్పుడల్లా, “పాపకు ఎంత శాతం వేశారే?” అని అడుగుతారు. ఆవిడ అడగడంలో తప్పు లేదు. మన దగ్గర సదరం శిబిరానికి వెళితే డాక్టర్లు చూసి వైకల్యం ఇంత శాతమని ధ్రువపత్రం ఇస్తారు, 40 శాతం దాటితే పింఛను దగ్గర నుంచి రిజర్వేషను దాకా చాలావాటికి అదే తాళంచెవి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గృహ పథకాల్లో 5 శాతం కేటాయించాలని కూడా చెబుతోంది. ఇక్కడి పద్ధతి వేరు. ఇల్లు ఇచ్చేటప్పుడు జబ్బు ఎంత పెద్దదని అడగరు. ఇప్పుడున్న ఇల్లు ఆ జబ్బును ఎంత ముదరబెడుతోంది, మారితే ఎంత మేలు జరుగుతుంది అని అడుగుతారు. సూత్రంగా ఇది శాతాల లెక్క కంటే మంచిదని నేను నిజంగానే నమ్ముతాను, ఎందుకంటే కాళ్ళు రెండూ చచ్చుబడిన మనిషి నేల మీది ఇంట్లో హాయిగా ఉండవచ్చు, కాస్త ఆయాసం ఉన్న మనిషి నాలుగో అంతస్తులో నరకం చూడవచ్చు. కానీ ఆ సూత్రం పనిచేయాలంటే ఇల్లు చూడాలి. మా విషయంలో ఎవరూ చూడలేదు.

మా దరఖాస్తును ఒక అధికారి కౌన్సిల్ నియమించుకున్న వైద్య సలహాదారుకు పంపారు, ఆయన కాగితాలు చదివి అభిప్రాయం రాశారు, ఆ అభిప్రాయమే మాకు ఉత్తరమై వచ్చింది. ఆయన మా అమ్మాయిని చూడలేదు, మాకు ఫోను చేయలేదు, ఆమెను పుట్టినప్పటి నుంచి చూస్తున్న పిల్లల న్యూరాలజిస్టుతో మాట్లాడలేదు. ఫారంలో ‘మీ ప్రస్తుత నివాసం మీ ఆరోగ్యాన్ని ఎలా ప్రభావితం చేస్తోంది’ అన్న ప్రశ్న కింద ఇచ్చిన గడిలో నాలుగు వరుసలు పడతాయి. ఆ నాలుగు వరుసల్లోనూ నేను చేసిన తప్పు, అందరూ చేసే తప్పే: జబ్బు పేరు, మందుల పేర్లు, ఆపరేషను తేదీలు రాశాను. మెట్ల గురించి ‘లిఫ్టు లేదు’ అని ఒక్క ముక్క రాసి వదిలేశాను. జీపీ సర్జరీలో, అంటే మా పేట డాక్టరు క్లినిక్‌లో, రుసుము కట్టి తెచ్చుకున్న ఉత్తరంలో కూడా రోగ నిర్ధారణ, ‘గ్రౌండ్ ఫ్లోర్ ఇల్లు అయితే మేలు’ అన్న మర్యాదపూర్వకమైన వాక్యమే ఉన్నాయి. ఆ డాక్టరుగారు కూడా మా మెట్లు ఎక్కలేదు కదా.

కాగితాలు చూసి అభిప్రాయం చెప్పడం గురించి కోర్టులు మాట్లాడకపోలేదు. 2007లో బర్మింగ్‌హామ్ కౌన్సిల్‌కు సంబంధించిన ఒక నిరాశ్రయుల కేసులో అప్పీలు కోర్టు ఈ సంగతి విప్పి చెప్పింది. వచ్చిన వైద్య నివేదికలు అధికారులకు అర్థమయ్యేలా చేయడం ఇలాంటి సలహాదారు పని. రోగిని పరీక్షించనంత కాలం ఆయన మాట ఆ రోగి పరిస్థితికి నిపుణ సాక్ష్యం కాజాలదు సాధారణంగా. ఈ తీర్పు గురించి నాకు చెప్పింది ఉచిత న్యాయ సలహా కేంద్రంలో ఒక వాలంటీరు. అది విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పదిహేనేళ్ళ కిందట కోర్టు ఇంత స్పష్టంగా చెప్పిన సంగతిని మా ఉత్తరం రాసిన వారికి ఎవరూ చెప్పలేదా అన్న ఆలోచనే తెల్లవార్లూ.

ఇక్కడ ఎదుటి పక్షం వాదన కూడా నిజాయితీగా చెప్పాలి, ఎందుకంటే అది బలమైన వాదనే. ఇళ్ళు లేవు. 2024 మార్చి నాటికి ఇంగ్లండ్‌లో కౌన్సిల్ జాబితాల మీద సుమారు 13 లక్షల 30 వేల కుటుంబాలు ఉన్నాయి. 1980 చట్టంతో అద్దెదారులు తమ కౌన్సిల్ ఇంటిని తగ్గింపు ధరకు కొనుక్కునే హక్కు వచ్చాక ఇంగ్లండ్‌లో దాదాపు 20 లక్షల ఇళ్ళు చేతులు మారాయి, వాటి స్థానంలో కట్టినవి చాలా తక్కువ. 2009లో న్యూహామ్ కౌన్సిల్ విధానం మీద అప్పటి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా వెళ్ళిన కేసులో న్యాయమూర్తులు చెప్పింది కూడా ఇదే వెలుగులో చదవాలి: ఒకే కుటుంబానికి రెండు మూడు రకాల అవసరాలు ఉన్నప్పుడు వాటిని కూడి ఎక్కువ ప్రాధాన్యం ఇచ్చి తీరాలని చట్టంలో లేదు, ఉన్న కొద్ది ఇళ్ళను ఎవరికి ముందు ఇవ్వాలన్న విధానం పూర్తిగా అహేతుకమైతే తప్ప కోర్టులు వేలు పెట్టకూడదు. ఒక కుటుంబాన్ని పైకి జరిపితే మరో కుటుంబం కిందికి జరుగుతుందన్నది వారి ఆలోచన. దాన్ని నేను కాదనను. మా కంటే ముందు ఇల్లు దక్కవలసిన పిల్లలు ఈ పేటలోనే ఉన్నారని నాకు తెలుసు. ఆస్పత్రి ఫిజియోథెరపీ గది బయట వాళ్ళ అమ్మల పక్కనే కూర్చుంటాను.

అయితే ఇళ్ళు లేకపోవడం వేరు, చూడకపోవడం వేరు. ‘మీ అవసరం పెద్దదే, కానీ మీ ముందు ఇంతమంది ఉన్నారు, ఎన్నేళ్ళు పడుతుందో చెప్పలేము’ అని రాసి ఉంటే ఆ ఉత్తరాన్ని నేను బాధతోనే అయినా ఒప్పుకునేదాన్ని. వాళ్ళు రాసింది అది కాదు. అవసరమే లేదన్నారు. ఇళ్ళ కొరతను అవసరం లేకపోవడంగా మార్చి చూపితే జాబితా చిన్నదిగా కనిపిస్తుంది, కొరత మాత్రం తగ్గదు. పైగా ఎన్ని కుటుంబాలకు మెట్లు లేని ఇళ్ళు కావాలో కౌన్సిల్‌కే తెలియకుండా పోతుంది, తెలియనిదాన్ని ఎవరూ కట్టరు.

మన వాళ్ళ మధ్య తరచూ వినబడే మాట ఒకటి ఉంది, దాని మీద నాకు కోపం. నిన్న మొన్న వచ్చిన వాళ్ళకు ఇళ్ళు ఇచ్చేస్తున్నారు, పన్ను కట్టే మనకు లేదు అంటారు. వీసా మీద ఉన్నవారికి, అంటే మనలో చాలామందికి, ప్రభుత్వ నిధుల మీద హక్కు లేదన్న షరతు ఉంటుంది, వారు కౌన్సిల్ ఇంటికి అర్హులే కారు. మాకూ 2019లో శాశ్వత నివాసం వచ్చే దాకా ఆ దారి మూసే ఉంది. ఆ ఏళ్ళలోనే పాప పుట్టింది, ఆమె మొదటి మూడేళ్ళు ఫారం కూడా అడగలేకపోయాము. క్యూలో వెనక ఉన్న మనిషి ముందున్న మనిషిని తిట్టడం వల్ల మా గోడ మీద అరిగిన రంగు తిరిగి రాదు.

ఇక ఫిర్యాదు సంగతి. ఇక్కడ మూడు తలుపులు ఉన్నాయి, ఏది ఎందుకో మొదట్లో ఎవరూ చెప్పరు. నిర్ణయం తప్పు అనుకుంటే సమీక్ష అడగాలి. అది 166ఏ సెక్షనే ఇచ్చిన హక్కు, అక్కడే కొత్త ఆధారాలు పెట్టవచ్చు. ఉత్తరాలకు జవాబు రాకపోవడం, కాగితాలు పోగొట్టడం, నెలల తరబడి ఆలస్యం వంటివైతే కౌన్సిల్ ఫిర్యాదు విభాగానికి రాయాలి. ఆ తరువాత అంబుడ్స్‌మన్, అంటే ఫిర్యాదులను స్వతంత్రంగా విచారించే అధికారి. అందులోనూ ఇద్దరు ఉన్నారు: జాబితా, బ్యాండు, కేటాయింపు గురించి అయితే స్థానిక ప్రభుత్వాల అంబుడ్స్‌మన్, ఇప్పటికే కౌన్సిల్ ఇంట్లో ఉంటూ మరమ్మతుల గురించి అయితే గృహ అంబుడ్స్‌మన్. నేను మొదట తప్పు తలుపు తట్టి ఏడు వారాలు పోగొట్టుకున్నాను. సరైన తలుపు దగ్గరకు వెళ్ళినా, నిర్ణయం తీసుకున్న పద్ధతిలో లోపం ఉందా అని చూస్తారే తప్ప నిర్ణయం న్యాయమా అని చూడరు. పద్ధతి ప్రకారం తీసుకున్న చెడ్డ నిర్ణయం అక్కడ నిలబడుతుంది. కోర్టుకు వెళదామంటే, నిరాశ్రయులుగా దరఖాస్తు చేసినవారికి సమీక్ష తరువాత కౌంటీ కోర్టులో అప్పీలు ఉంది, ఆరో భాగం కింద జాబితాలో ఉన్నవారికి అదీ లేదు. హైకోర్టులో న్యాయ సమీక్ష ఒక్కటే దారి, అదీ మూడు నెలల లోపు. పగలంతా బడిలో టీచింగ్ అసిస్టెంటుగా పనిచేసి, సాయంత్రం పాపను పైకి మోసుకెళ్ళే మనిషి హైకోర్టుకు వెళుతుందా?

నేను సమీక్ష అడిగాను. ఆ సమయంలో మా పరిస్థితిని మార్చింది న్యాయవాది కాదు, డాక్టరు కాదు. పాప బడి వారు పంపించిన ఆక్యుపేషనల్ థెరపిస్టు (రోజువారీ పనులు, కదలికలు ఎలా సాగుతున్నాయో చూసే నిపుణురాలు, అందరూ ఓటీ అంటారు) ఒక మంగళవారం సాయంత్రం టేపు పట్టుకుని వచ్చారు. కింద నుంచి మెట్లు లెక్క పెట్టారు. ఒక మెట్టు ఎత్తు, వెడల్పు, మలుపు దగ్గర ఎంత చోటు ఉందో కొలిచారు. స్నానాల గదిలో తొట్టి అంచు నేల నుంచి ఎంత ఎత్తో కొలిచారు. హాల్లో సగం ఆక్రమించిన పాప నిలబడే చట్రం చుట్టూ నడిచి చూశారు. తరువాత నన్ను, “ఒకసారి మీరు రోజూ ఎలా ఎత్తుకుంటారో చూపించండి,” అని అడిగి, నా వెనకే మెట్లు ఎక్కుతూ రాసుకున్నారు. నా నడుము నొప్పి గురించి అడిగిన మొదటి మనిషి ఆవిడ. నలభై నిమిషాలు పట్టింది. ఆ నివేదికలో పాప బరువు, నా బరువు, మెట్ల సంఖ్య, రోజుకు ఎన్నిసార్లు ఎక్కి దిగుతున్నామో, ఎత్తుకున్నప్పుడు ఆమె కాళ్ళు బిగిస్తే ఇద్దరమూ పడిపోయే ప్రమాదం ఎంతో ఉన్నాయి. జబ్బు పేరు ఒక్కసారే వచ్చింది.

ఆ నివేదికతో సమీక్షలో నిర్ణయం మారింది. 2022 సెప్టెంబరులో మమ్మల్ని డీ నుంచి బీ బ్యాండుకు మార్చారు. నన్ను ఇప్పటికీ బాధించే విషయం ఏమిటంటే, ఆవిడ కూడా అదే కౌన్సిల్ ఉద్యోగి. ఒకే భవనంలో పిల్లల సేవల విభాగంలో మా ఇంటి గురించి తెలిసిన మనిషి ఉండగా, గృహ విభాగం బయటి డాక్టరుకు కాగితాలు పంపి అభిప్రాయం తెప్పించుకుంది.

ఇల్లు మార్చే బదులు ఉన్న ఇంటినే సరిచేయవచ్చు కదా అని అడిగినవారు ఉన్నారు. దానికి వికలాంగుల సదుపాయాల గ్రాంటు ఉంది, ఇంగ్లండ్‌లో 30,000 పౌండ్ల దాకా ఇస్తారు, పిల్లల కోసమైతే తల్లిదండ్రుల ఆదాయం చూడరు. మంచి పథకం. కానీ అద్దె ఇంట్లో యజమాని ఒప్పుకోవాలి, మా యజమాని ఒప్పుకోలేదు. ఒప్పుకున్నా, నాలుగు కుటుంబాలు వాడే ఇరుకు మెట్ల మీద ఏం బిగించగలరు?

ఇరుకు అంటే గుర్తొచ్చింది. చట్టంలో ఇంటి ఇరుకును కొలిచే లెక్క మూలాలు 1935 నాటివి. అందులో హాలు కూడా పడక చోటే, ఏడాది లోపు పసిపిల్ల లెక్కలోకి రాదు, పదేళ్ళ లోపు పిల్ల అర మనిషి. కేటాయింపులకు చాలా కౌన్సిళ్ళు ఇంతకంటే ఉదారమైన పడకగదుల లెక్క వాడుతున్న మాట నిజమే. అయినా వీల్‌చైర్‌కు, నిలబడే చట్రానికి, ముందు ముందు కావలసి వచ్చే హాయిస్టుకు (మనిషిని ఎత్తే యంత్రానికి) ఆ లెక్కలో చోటు దొరకాలంటే మళ్ళీ ఒక వైద్య నివేదిక, మళ్ళీ ఒక సమీక్ష.

బ్యాండు మారాక కథ సుఖాంతమైందని చుట్టాలు అనుకున్నారు. ప్రతి వారం బిడ్ చేస్తున్నాము. నేల మీది ఇళ్ళు వారానికి ఒకటో రెండో వస్తాయి, కొన్ని వారాలు ఏవీ రావు. 2024లో ఒకసారి మొదటి స్థానంలో నిలిచి ఇల్లు చూడటానికి వెళ్ళాము. గ్రౌండ్ ఫ్లోరే, కానీ వీధి తలుపుకు మూడు మెట్లు, లోపల తొట్టి స్నానం, పాప గది తలుపులోంచి వీల్‌చైర్ పట్టదు. వద్దంటే ‘తగిన ఇంటిని తిరస్కరించారు’ అని బ్యాండు తగ్గించే అవకాశం ఉంది. తలుపు వెడల్పు టేపుతో కొలిచి, ఫొటో తీసి, ఓటీ నివేదిక జత చేసి రాశాక అది తగిన ఇల్లు కాదని ఒప్పుకున్నారు. ప్రకటనలో తలుపు వెడల్పు ఒక్క సంఖ్య వేసి ఉంటే మాకూ వాళ్ళకూ ఆ నెల రోజుల శ్రమ తప్పేది.

నేను అడిగేది గొప్ప సంస్కరణ కాదు. ఇల్లు మారడానికి వైద్య కారణం చెప్పిన ప్రతి కుటుంబం ఇంటికీ, నిరాకరించే ముందు, టేపు పట్టుకున్న మనిషి ఒకరు రావాలి. నిరాకరించే ఉత్తరంలో అభిప్రాయం ఎవరిది, వారి అర్హత ఏమిటి, మనిషిని చూశారా, ఏ కాగితాలు చదివారు అన్నది రాయాలి. ‘సహాయంతో’ అని రాస్తే ఆ సహాయం చేసే మనిషి ఎవరో, ఎంత కాలం చేయగలరో కూడా రాయాలి. పిల్లల విషయంలో ఏడాదికి ఒకసారి మళ్ళీ చూడాలి, ఎందుకంటే క్యూ కదలకపోయినా పిల్లల బరువు ఆగదు.

గడువులు పెట్టడం అసాధ్యమేమీ కాదు. రోచ్‌డేల్‌లో బూజు పట్టిన ఇంట్లో రెండేళ్ళ అవాబ్ ఇషాక్ 2020 డిసెంబరులో చనిపోయాడు. అతని తండ్రి బూజు గురించి మొదట చెప్పింది 2017లో. ఆ పిల్లవాడి పేరుతో వచ్చిన చట్టం 2025 అక్టోబరు 27 నుంచి అమలవుతోంది. సోషల్ హౌసింగ్‌లో, అంటే కౌన్సిళ్ళూ గృహ సంఘాలూ అద్దెకిచ్చే ఇళ్ళలో, అత్యవసర ప్రమాదమైతే 24 గంటల్లో స్పందించాలి, తీవ్రమైన చెమ్మ, బూజు అయితే 10 పనిదినాల్లో వచ్చి చూడాలి. వచ్చి చూడాలని చట్టంలో రాశారు, రోజులు లెక్క కట్టారు. అయితే ఆ గడువు ఇప్పటికే సోషల్ హౌసింగ్‌లో ఉన్నవారి ఇళ్ళకే. ఇల్లు ఇవ్వమని బయట నిలబడిన కుటుంబానికి అలాంటి గడియారం ఇంకా లేదు.

గుంటూరు నుంచి వచ్చి ఇక్కడ పౌరసత్వం తీసుకున్న ఒక చెల్లెలు మా వెనక వీధిలో ఉంటుంది. ఆమె భర్తకు వారానికి మూడు రోజులు డయాలిసిస్, ఇల్లు మూడో అంతస్తు. గత ఆదివారం ఫారం పట్టుకుని వచ్చి, “అక్కా, ఇందులో డయాలిసిస్ అని ఇంగ్లీషులో ఎక్కడ రాయాలి?” అని అడిగింది. అది ఆఖరున రాద్దామన్నాను. ఇద్దరం వాళ్ళ ఇంటికి వెళ్ళి కింద నుంచి లెక్క పెట్టుకుంటూ ఎక్కాము. 51 మెట్లు. డయాలిసిస్ అయిన రోజు ఆయన ఏ మెట్టు దగ్గర కూర్చుండిపోతారో, ఎంతసేపటికి లేస్తారో, ఆ సమయంలో ఆమె చేతిలో ఏమేమి ఉంటాయో అడిగి, నాలుగు వరుసల గడి చాలక, విడి కాగితం మీద రాసి జత చేశాము.